బొంత అడుగు గుడ్డ ముడతలు పడకుండా కుట్టిన తీరు

బొంతకి పై గుడ్డ, దూది, అడుగు గుడ్డ, ఈ మూడు పొరలూ కలిపి కుట్టేటప్పుడు నాకు ఎప్పుడూ టెన్షనే. పైకి బాగానే ఉండేది, తిప్పి చూస్తే అడుగు గుడ్డ నిండా ముడతలు. మిషన్ కింది పళ్ళు అడుగు గుడ్డని లాక్కుపోతాయి, పైన గుడ్డని నొక్కి పట్టే ఫుట్ పై గుడ్డని ఆపుతుంది. మధ్యలో దూది పొర ఉంటే ఆ తేడా ఇంకా పెరుగుతుంది.

ఇస్త్రీ చేసిన అడుగు గుడ్డని నేల మీద తిరగేసి పరిచి, అంచులు మాస్కింగ్ టేపుతో అంటించాను. బిగువుగా ఉండాలి కానీ సాగదీయకూడదు. సాగదీస్తే టేపు తీయగానే ముడుచుకుపోతుంది. దాని మీద దూది పొర, ఆపైన పై గుడ్డ. మధ్య నుంచి అంచులకు వెళ్తూ ప్రతి 4 అంగుళాలకు ఒక పిన్నీసు పెట్టాను. గుండుసూదులు వద్దు, జారిపోతాయి, చేతికి గుచ్చుకుంటాయి కూడా. వంపు తిరిగిన పిన్నీసులు దొరికితే మరీ మంచిది, మూడు పొరల్లోంచి సులువుగా దిగి పైకొస్తాయి.

మిషన్‌కి వాకింగ్ ఫుట్ బిగించాను. దానికి పైన కూడా పళ్ళుంటాయి కాబట్టి పొరలన్నీ కలిసి కదులుతాయి. సూది సైజు 90/14, కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు, మొదటి వరస మధ్యలో. పిన్నీసు దగ్గరికి రాగానే ఆగి తీసేయండి. దాని మీదుగా కుడితే సూది విరగొచ్చు.

డబ్బు ఒక్కదానికే ఉంటే, నా మాటగా, ముందు వాకింగ్ ఫుట్ కొనండి. గుండ్రటి బ్లేడుతో గుడ్డ కోసే రోటరీ కట్టర్ తర్వాతైనా ఫర్వాలేదు, మంచి కత్తెరతో పని జరిగిపోతుంది.