తక్కువ పొడి రాల్చే బ్రేక్ ప్యాడ్లు: మార్చే ముందు జాగ్రత్తలు

పంజాగుట్ట రద్దీలో రోజూ తిరిగే కారు చక్రాలపై పేరుకునే నల్లటి పొడి తగ్గాలంటే, సాధారణంగా లోహపు పొడి కలిపిన సెమీ మెటాలిక్ ప్యాడ్ల కన్నా సిరామిక్ ప్యాడ్లే మేలు. అయితే సికింద్రాబాద్ రాణీగంజ్‌లోని విడిభాగాల దుకాణాల్లో కొనబోయేటప్పుడు పాత ప్యాడ్‌ను వెంట తీసుకెళ్లి ఆకారం సరిచూసుకోవాలి. సీలు తెరిచిన పెట్టెను ధర ఎంత తగ్గించినా తీసుకోకూడదు.

ప్యాడ్లు నొక్కి పట్టే ఇనుప చక్రం, అంటే డిస్క్, మందం దానిపై ముద్రించిన కనీస పరిమితికన్నా తగ్గి ఉంటే, ఎంత ఖరీదైన ప్యాడ్లు వేసినా డబ్బు దండగే. ముందరి చక్రాలు రెండింటికీ ప్యాడ్లను ఒకేసారి మార్చాలి.

పాత పొడి ఊపిరితిత్తుల్లోకి చేరే ప్రమాదం ఉన్నందున, మెకానిక్‌లు అలవాటుగా చేసినట్లు దానిని గాలితో ఊదించక, బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడిపించాలి. కొత్త ప్యాడ్లు పట్టేందుకు, వాటిని డిస్క్‌కు నొక్కే పిస్టన్‌ను వెనక్కి నెట్టే ముందు బ్రేక్ ఆయిల్ మట్టం చూసుకోవాలి. పొంగితే పెయింటు పాడవుతుంది. బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడే వరకు పలుమార్లు తొక్కాలి.