కాల్షియం ఎక్కువని రిపోర్టు వస్తే

కాల్షియం ఎక్కువని రిపోర్టు చేతికి రాగానే చాలామంది మానేసేది పాలు, పెరుగు. ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం నాది, ఈ మాట తరచూ వింటాను. పాపం, పెరుగు జోలికి పోకుండా ముందు పరీక్ష మళ్లీ చేయించండి.

చేతికి రబ్బరు పట్టీ చాలాసేపు బిగించి ఉంచినా, పిడికిలి పదేపదే మూసి తెరిచినా అంకె కొంచెం పెరుగుతుంది. నరం దొరకడం ఆలస్యమైతే పట్టీ వదులు చేయమని అడగండి, మేమేమీ అనుకోం. మామూలు హద్దు డెసిలీటరుకు సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాములు. రక్తంలో కాల్షియాన్ని పట్టుకుని ఉండే ప్రోటీను ఆల్బుమిన్, దాన్ని కూడా చూడాలి. అది డెసిలీటరుకు 4 గ్రాముల కంటే ఒక గ్రాము తగ్గితే కాల్షియానికి 0.8 కలుపుతారు. అంటే ఆల్బుమిన్ 3 ఉన్నప్పుడు 10.2 కాస్తా 11 అవుతుంది.

మళ్లీ ఎక్కువే వస్తే అదే రక్తంలో పీటీహెచ్ కూడా చూడాలి. థైరాయిడ్ వెనుక ఉండే పారాథైరాయిడ్ గ్రంథుల హార్మోను అది. కాల్షియం పెరిగినప్పుడు అది అణగాలి. అణగలేదంటే అనుమానం ఆ గ్రంథుల మీదే. ఎక్కువమందిలో కారణం క్యాన్సర్ కాని చిన్న గడ్డ. క్యాన్సర్ నూటికి ఒకరిలో కూడా ఉండదు. కాల్షియం 14 దాటి, పీటీహెచ్ హద్దుకు ఎన్నో రెట్లుండి, మెడలో గడ్డ చేతికి తగులుతుంటే మాత్రం డాక్టర్లు దాన్ని అనుమానిస్తారు. అప్పుడు గడ్డలోంచి సూదితో కణాలు తీసే పరీక్షకు తొందరపడకూడదు, కణాలు చుట్టూ చిందే ప్రమాదం ఉంది. గడ్డ చిట్లకుండా, ఆ వైపు థైరాయిడ్ భాగంతో సహా ఒకే ముద్దగా తీస్తారు.

ఆపరేషన్ మాట ఎత్తేముందు 24 గంటల మూత్రం అడగవచ్చు. వంశపారంపర్యంగా కాల్షియం ఎక్కువుండే ఒక రకంలో మూత్రంలో అది తక్కువగా పోతుంది, దానికి కోత సాధారణంగా అక్కర్లేదు. ఉదయం ఆరింటికి మొదటిది పారబోయండి. అక్కడి నుంచి ప్రతి చుక్కా క్యానులోకే, మర్నాడు ఆరింటిదీ అందులోకే. క్యానులో ముందే యాసిడ్ ఉండవచ్చు, కడగకండి. ఒకసారి మరిచిపోతే మరిచామని చెప్పండి. నీళ్లు కలిపి లెక్క సరిచేసిన మహానుభావులను చూశాను!

వాడే మందులన్నీ డాక్టరు ముందు పెట్టండి: థయజైడ్ రకం బీపీ మాత్రలు, లిథియం, 60,000 యూనిట్ల విటమిన్ డి. సొంతంగా ఏదీ ఆపకండి. వాంతులు, విపరీతమైన దాహం, మగత, తికమక మాటలు కనిపిస్తే ఏ రిపోర్టు కోసమూ ఆగకుండా అప్పటికప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి.