బోర్డర్ జిల్లాల మనవాళ్ళు డాక్టరు దగ్గరికి ఏం పట్టుకెళ్ళాలి, ఏం అడగొచ్చు, ఏం అడక్కూడదు

ఒడిశా బోర్డర్లో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఉండే మన తెలుగోళ్ళకి ఒక లెక్కుంది, చిన్న జ్వరమైతే వీధి చివర డాక్టరు, కొంచెం ముదిరితే శ్రీకాకుళం, ఇంకా ముదిరితే విశాఖ కేజీహెచ్చో లేకపోతే ఇక్కడే బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రో. ఎవరి వీలు వాళ్ళది, తప్పనను. కానీ దీనివల్ల సగం కాయితాలు అక్కడ, సగం ఇక్కడ, మీ ఒంటి సంగతి మొత్తం తెలిసిన డాక్టరు ఒక్కరూ ఉండరు. అందుకే మిగతావన్నీ తరవాత, ముందు ఇంట్లో మనిషికో ఫైలు పెట్టండి. కొత్త చీటీ పైన, పాతది కింద. వెళ్ళేటప్పుడు ఫైలుతో పాటు ప్రస్తుతం మింగుతున్న మాత్రల స్ట్రిప్పులు కూడా సంచిలో వేసుకోండి, "తెల్ల మాత్రండి, గుండ్రంగా ఉంటాది" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు.

మా పెద్దమ్మకి కాళ్ళు వాచాయని తీసుకెళ్తే డాక్టరుగారు సంచి బల్ల మీద బోర్లించమన్నారు. శ్రీకాకుళంలో రాసిన బీపీ మాత్ర ఒకటి, ఇక్కడ రాసింది ఒకటి, కంపెనీ పేర్లు వేరు, రంగులు వేరు, కానీ వెనక సన్నక్షరాలు చూస్తే రెండింట్లోనూ ఆమ్లోడిపినే, ఆవిడేమో భక్తిగా పొద్దున ఒకటి రాత్రి ఒకటి వేసుకుంటోంది. ఆ మందు డోసు పెరిగితే కాళ్ళు వాస్తాయట. ఒకటి ఆపించారు, అంతే, కొత్త మందు కూడా రాయలేదు. అదే ఆ స్ట్రిప్పులు ఇంట్లో వదిలేసి వెళ్ళుంటే వాపుకి ఇంకో మాత్ర తగిలేది. మనం చూపించకుండా కనిపెట్టేయమంటే ఆయనేమైనా సోది చెప్పేవాడా.

లోపలికెళ్ళాక దొరికేది కొద్ది నిమిషాలే కాబట్టి అసలు బాధ ముందు చెప్పండి, ఎప్పట్నుంచి, ఎంత, ఏం తింటే ఎక్కువవుతోంది. చాలామంది లేచి తలుపు దాకా వెళ్ళి అప్పుడు "అన్నట్టు డాక్టరుగారూ, గుండెల్లో కూడా పట్టేస్తోందండీ" అంటారు, అది మొదట చెప్పాల్సిన మాట. ఆర్ఎంపీ దగ్గర వేయించుకున్న ఇంజక్షను, తాగిన పసరు, సారా అలవాటు, పడని మందు, ఆడవాళ్ళైతే నెల తప్పిన సంగతి, ఏదీ దాచొద్దు. తిడతారని దాస్తారు, తిడితే తిట్టనీయండి, పోయేదేముంది.

భాష సంగతి. డాక్టరు కటక్ వైపు మనిషైతే తెలుగు రాకపోవచ్చు, మనకి వచ్చిన ఒడియా బజారు దాకానే. సిగ్గుపడి అన్నిటికీ తలూపేయకండి, కాంపౌండరుకో నర్సుకో తెలుగు వస్తే పిలవమని అడగండి. బళ్ళో ఒడియా చదివే పిల్లాడిని తోడు తీసుకెళ్ళడం మామూలే గానీ ఆడవాళ్ళ బాధలు పదేళ్ళ గుంటడి చేత చెప్పించడం ఏం బావుంటుంది, అటు వాడికీ తెలీదు ఇటు ఆవిడా చెప్పలేదు, ఆడమనిషినే తీసుకెళ్ళండి. బయటికొచ్చేముందు ఏ మాత్ర ఎప్పుడు వెయ్యాలో మీ నోటితో తిరిగి చెప్పి సరేనా అని అడగండి, స్ట్రిప్పు మీద పెన్నుతో తెలుగులో రాసుకోండి.

ఏజెన్సీ వైపు, రాయగడ, కోరాపుట్, మల్కనగిరిలో ఉన్నవాళ్ళు జ్వరమొస్తే మలేరియా టెస్టు ముందు, మాత్ర తరవాత. ఆశా దీదీ దగ్గర కిట్ ఉంటుంది, వేలు గుచ్చి ఒక చుక్క, డబ్బులివ్వక్కర్లేదు. వైవాక్స్ రకం మలేరియా అని తేలితే క్లోరోక్విన్ 3 రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు ఇస్తారు. మనవాళ్ళు మూడోనాటికి జ్వరం దిగిందని మిగతావి డబ్బాలో పడేస్తారు, కానీ ఆ పురుగు లివర్‌లో దాక్కుని కొన్ని వారాలకో నెలలకో మళ్ళీ లేస్తుంది, దాన్ని చంపేది ఆ 14 రోజుల మందే. గర్భిణులకి ప్రైమాక్విన్ ఇవ్వరు, అందుకే పైన నెల తప్పిన సంగతి చెప్పమన్నది. మింగుతుండగా ఒంటేలు నల్లగా, కాఫీ రంగులో వస్తే మాత్రం ఆపేసి వెంటనే వెళ్ళండి.

ఇంక మనం అడగగలిగినవి. ఫీజెంతో ముందే చెప్పాలి, చీటీ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, మందు జెనరిక్ పేరుతో చదవగలిగేలా రాయాలి, ఇవన్నీ 2002 నాటి మెడికల్ కౌన్సిల్ రూల్సులోనే ఉన్నాయి. ఆసుపత్రిలో చేరినవాళ్ళ రికార్డులు 3 ఏళ్ళు దాచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి, కాబట్టి విశాఖకి బయల్దేరే ముందు కాపీలు అడిగి తీసుకోవచ్చు, బతిమాలక్కర్లేదు. 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ రోగుల హక్కుల పత్రం ఒకటి తయారుచేసింది, మందు ఏ షాపులో కొనాలి, టెస్టు ఏ ల్యాబులో చేయించాలి అన్నది మనిష్టం అని అందులో ఉంది, మగ డాక్టరు ఆడపేషెంటుని పరీక్ష చేసేటప్పుడు పక్కన ఇంకో ఆడమనిషి ఉండాలని కూడా. సర్కారీ ఆసుపత్రైతే బయట మందులు కొనేముందు అక్కడి ఉచిత మందుల కౌంటర్లో, అంటే నిరామయలో అడగండి, 2015 నుంచి ఉచితంగా ఇస్తున్నారు.

ప్రాణం మీదికొస్తే పోలీసు కేసని ప్రథమ చికిత్స చెయ్యకుండా పంపకూడదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. అలాంటప్పుడు డాక్టరుకి ఫోన్ల మీద ఫోన్లు చేస్తూ కూచోకుండా 108కి కొట్టండి.

హెల్త్ కార్డు దగ్గర మనవాళ్ళు ఎక్కువ పొరబడతారు. ఆంధ్రాలో ఉన్న చుట్టాల ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) మనకి పనికిరాదు. 2025 నుంచి ఒడిశాలో ఆయుష్మాన్, గోపబంధు ఆరోగ్య స్కీములు కలిపి కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్ళకి ఇంకో 5 లక్షలు, బయటి రాష్ట్రంలో కూడా ఆ స్కీములో ఉన్న ఆసుపత్రైతే చెల్లుతుంది, కానీ అది అడ్మిట్ అయితేనే, ఓపీకి కాదు. చేరాక కాదు, చేరకముందే కౌంటర్లో కార్డు చూపించి అడగండి.

డాక్టరుని అడక్కూడనివీ ఉన్నాయి. "సెలైన్ ఎక్కించండి, నీరసంగా ఉంది", "ఒక సూదైనా వెయ్యండి" అని మనమే పట్టుబడతాం, వెయ్యని డాక్టరుని పనికిరాడంటాం, నాకైతే వెయ్యని ఆయన మీదే నమ్మకం ఎక్కువ. జలుబుకి యాంటీబయోటిక్ పనిచెయ్యదు. లీవు కోసం పాత తేదీతో సర్టిఫికెట్ అడిగితే దొంగ కాయితం ఇచ్చినందుకు ఆయన రిజిస్ట్రేషనే పోవచ్చు. స్కానింగులో ఆడో మగో చెప్పమనడం 1994 చట్టం ప్రకారం నేరం, అడిగినవాళ్ళకీ శిక్షుంది. అర్ధరాత్రి వాట్సాప్‌లో రిపోర్టు పెట్టి నీలం టిక్కు కోసం చూడ్డం కూడా మానుకుంటే బావుంటుంది.

నిజంగా అన్యాయం జరిగితే కాంపౌండరు మీద కేకలేసి లాభం లేదు, ఆయన చేతిలో ఏముంది. సర్కారీ అయితే ముందు అక్కడి మెడికల్ ఆఫీసరుకి, తరవాత సీడీఎంవోకి, అంటే జిల్లా ముఖ్య వైద్యాధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి, డాక్టరు ప్రవర్తన గురించైతే భువనేశ్వర్‌లో ఒడిశా కౌన్సిల్ ఆఫ్ మెడికల్ రిజిస్ట్రేషన్ ఉంది. ఒడియాలోనో ఇంగ్లీషులోనో రాయించి, ఓపీ చీటీ జిరాక్సు జతచేసి, మీ కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి, ఒరిజినల్ చీటీ మాత్రం ఎవరికీ ఇవ్వకండి.