చొక్కా చేతికి మడత కుట్టు: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేయాలి

మా కోనసీమలో పంచె మీదకి తెల్ల చొక్కా కుట్టించుకునే పెద్దాయనలు కొందరు, బట్ట చేతికివ్వగానే తిరగేసి చంక చూస్తారు. అక్కడ పోగులు వేలాడుతుంటే కాలరెంత బాగా కుదిరినా లాభం లేదు. అందుకే మడత కుట్టు. కంపెనీ షర్టులవాళ్ళు ఫ్లాట్ ఫెల్ అనేది దీన్నే.

లెక్క చిన్నదే. కుట్టు గీతకి అవతల వదిలే బట్టే మార్జిన్: బాడీకి పావంగుళం, చేతికి అరంగుళం. పక్క కుట్లు వేయకముందే, బట్ట పరిచినట్టు ఉండగానే చెయ్యి ఎక్కించాలి. మంచివైపులు, అంటే బయటికి కనబడాల్సిన వైపులు, ఎదురెదురుగా కలిపి, చేతి అంచు పావంగుళం బయటికి కనబడేలా పెట్టి మొదటి కుట్టు వేయాలి. ఆ మిగిలిన అంచుని బాడీ అంచు మీదుగా మడిచి, మొత్తాన్ని బాడీ వైపు పడుకోబెట్టి రెండో కుట్టు. బయటికి ఒక్క వరసే కనబడుతుంది. తేడా బయటపడేది రెండో కుట్టులోనే గానీ, తప్పు చాలాసార్లు అంతకు ముందే జరిగిపోయి ఉంటుంది.

భుజం మీద సన్న సన్న ముడతలు

అందరూ మొదట మిషను మీద దారం బిగువు మార్చే టెన్షన్ తిప్పుతారు. దాని జోలికి వెళ్ళకుండా రెండంగుళాలు కుట్టు విప్పి మడత లోపల చూడండి. చేతి పైభాగం బయటికి ఉబ్బిన వంపు కదా, అక్కడ అంచు పొడవు కుట్టు గీత పొడవు కంటే ఎక్కువ. ఆ అంచుని లోపలికి మడిచేసరికి చోటు చాలక, చీమ నడిచిన దారిలా కుచ్చులై ఇరుక్కుని ఉంటుంది.

లోపలికి మడిచే భాగాన్ని పావంగుళం నుంచి మూడు, నాలుగు మిల్లీమీటర్లకు తగ్గించండి. ఆ మడత కూడా మిషను మీద పెట్టకముందే, విడి చేతి మీదే, తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేసుకోండి. వేడికి ఆ ఎక్కువ బట్ట చాలావరకు అణుగుతుంది.

అప్పటికీ ముడత పోలేదంటే చెయ్యి రౌండే, అంటే ఆ పై వంపే, ఎక్కువ. టేపుని నిలబెట్టి చేతి కుట్టు గీతనీ, చంక కుట్టు గీతనీ కొలవండి. తేడా అరంగుళం దాటితే ఈ కుట్టుకి లొంగదనేది నా అనుభవం. జాకెట్టు చేతి అలవాటుతో రౌండు ఎత్తుగా కత్తిరించేవాళ్ళకే ఈ బాధ ఎక్కువ. చొక్కాకి ఎత్తు తగ్గించి, వెడల్పు పెంచాలి.

చంక దగ్గర బాడీ లాగేసినట్టుండటం

ఇది పైదానికి తిరగేసిన కథ. చంక వంపులో బాడీ మార్జిన్ అంచు కురచ. దాన్ని బాడీ వైపు తిప్పితే సాగలేక బట్టని పట్టి లాగుతుంది. మొదటి కుట్టుకి రెండు మిల్లీమీటర్ల ఇవతల ఆగేలా, ఆ మార్జిన్‌కి మాత్రమే చిన్న గాట్లు పెట్టండి. పలచటి చేనేత బట్టైతే గాట్లు వద్దు, పోగులు జారిపోతాయి. మార్జిన్ కాస్త సన్నం చేసి, ఇస్త్రీతో సాగదీస్తే చాలు.

మొదటి కుట్టు చివర చెయ్యి మిగిలిపోవడం

మిషను పళ్ళు కింది బట్టని ముందుకి తోస్తాయి, బట్టని పైనుంచి నొక్కి పట్టే ఫుట్టు పై బట్టని వెనక్కి పట్టి ఉంచుతుంది. కాబట్టి పొడవెక్కువ ఉన్న ముక్క, అంటే చెయ్యి, కిందే ఉండాలి. భుజం గుర్తు దగ్గర ఒక పిన్ను, రెండు చివర్లా రెండు. అంతకంటే పిన్నులక్కర్లేదు.

ఉతికాక మడత ఊడి పోగులు రావడం

రెండో కుట్టుని బయటివైపు నుంచి వేస్తే కింద మడత అందిందో లేదో కనబడదు. లోపలివైపు నుంచి, మడత అంచుని చూస్తూ కుట్టండి. అప్పుడు బయటికి కనబడేది మిషను కింద ఉండే బాబిన్ దారం కాబట్టి అదే రంగు, అదే రకం దారం చుట్టుకోండి.

చంక కింద గడ్డ, సూది విరగడం

ఒక సంక్రాంతికి ముందు ఒకాయన కొత్త చొక్కా వెనక్కి తెచ్చి, "చంకలో చింతగింజ పెట్టి కుట్టావేంటమ్మా" అన్నారు. విప్పి లెక్కపెడితే పదహారు పొరలు! మడత కుట్టంటే నాలుగు పొరలు, దాని మీదుగా పక్క కుట్టు కూడా మడత కుట్టే అయితే నాలుగు నాలుగులు. అప్పట్నుంచి పక్క కుట్టు మడిచే ముందు, లోపల దాగే మూలల్ని ఏటవాలుగా కత్తిరించేస్తున్నాను. తర్వాత గుడ్డ కప్పి చిన్న సుత్తితో రెండు దెబ్బలు. పదహారో నంబరు సూది వేసి, ఆ అంగుళం మేర చక్రాన్ని చేత్తోనే తిప్పండి. ఫుట్టు వెనక్కి వాలిపోతుంటే దాని వెనక బట్ట ముక్క మడిచి పెడితే ఎత్తు సరిపోతుంది.

వానాకాలంలో మడత నిలవకపోవడం

కాలవ గట్టు మీద ఇల్లు మాది, శ్రావణంలో బీరువాలో బట్ట కూడా చెమ్మగానే ఉంటుంది. మడత మీద ఇస్త్రీ పెట్టి, బట్ట పొడిగా అయ్యేదాకా ఉంచండి. చల్లారేదాకా కదపకండి. వేడిమీద ఎత్తేస్తే మిషను దగ్గరికి వెళ్ళేలోపే మడత లేచి కూర్చుంటుంది.