బొమ్మల్లో చైనా కథలు – 4వ పాఠం: పేజీ తిప్పే ముందు ఆగడం

పిల్లలకు పుస్తకం చూపిస్తూ, బొమ్మ మీద వేలు పెట్టి కథ నడిపించడం పోయిన పాఠంలో చూశాం. ఈసారి ఆగడం నేర్చుకుందాం. దీనికి త్సావ్ చోంగ్ ఏనుగును తూచిన కథ తీసుకుంటున్నాను.

దాదాపు 1800 ఏళ్ల కిందటి మాట. దక్షిణాన్ని ఏలే సున్ చువాన్, ఉత్తరాది పాలకుడు త్సావ్ త్సావ్‌కి ఒక ఏనుగును పంపాడు. దాని బరువెంతో తెలుసుకోవాలని ఈయనకు సరదా పుట్టింది. అంత పెద్ద తక్కెడ ఎక్కడిది? కొలువులో ఎవరికీ ఏమీ తోచలేదు. ఐదారేళ్ల కొడుకు చోంగ్ దారి చెప్పాడు. ఏనుగును పడవ ఎక్కించి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడ గీత పెట్టాలి. దాన్ని దించేసి, పడవ మళ్లీ ఆ గీతదాకా మునిగేలా రాళ్లు నింపాలి. ఆ రాళ్లను కొన్ని కొన్నిగా తూచి కూడితే సరి.

చైనాలో అరచేతిలో పట్టే బొమ్మల పుస్తకాలు ఉంటాయి. లియెన్‌హ్వాన్‌హ్వా అంటారు. పేజీకి ఒకటే బొమ్మ, దాని కింద కాస్త కథ. మనకు కావలసింది ఇలాంటి అమరికే. ఎదుటి పేజీలో తర్వాతి బొమ్మ కనిపిస్తుంటే దాన్ని కాగితంతో మూసేయండి. అట్ట మీదే పడవలో ఏనుగు ఉంటే ఇక కథేముంది, జవాబు ముందే బయటపడినట్టే! అలాంటి పుస్తకానికి ముందు న్యూస్‌పేపర్ అట్ట వేయండి.

మొదటిసారి ఆగేది ఏనుగు చుట్టూ జనం మూగిన బొమ్మ దగ్గర. “దీన్ని ఎలా తూస్తారు?” అని అడిగి ఊరుకోండి. మనసులో పది లెక్కపెట్టండి. ఆ నిశ్శబ్దానికి టెన్షన్ పడి మనమే జవాబు చెప్పేస్తుంటాం, అదే వద్దు. పిల్లలు లారీల కాటా అంటారు, క్రేన్ అంటారు, అననివ్వండి. “కోసి ముక్కలు తూద్దాం” అన్నా ఉలిక్కిపడకండి. చైనా రెండో తరగతి వాచకంలోనూ ఒక పెద్దమనిషి ఆ సలహానే ఇస్తాడు. “మరి ఏనుగు?” అంటే చాలు.

రెండోది గీత గీసే బొమ్మ. అసలు కష్టం ఇక్కడే, ఎందుకంటే పిల్లల చూపు ఏనుగును వదలదు. అందుకని ఏనుగును చేత్తో కప్పేసి, పడవ అంచూ నీళ్లూ మాత్రమే కనపడనివ్వండి. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో వాళ్లచేతే చూపించండి.

తర్వాత పుస్తకం పక్కన పెట్టి టబ్బులో నీళ్లు పోయండి. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో బంగాళాదుంప పెట్టి తేల్చండి. దుంప సరిగ్గా మధ్యలో లేకపోతే డబ్బా ఒరిగి గీత తప్పుతుంది. డబ్బా మరీ వెడల్పైతే మునిగినట్టే తెలియదు. గీతకు మార్కర్ వాడండి, మామూలు స్కెచ్ పెన్ తడికి చెరిగిపోతుంది. ఇక దుంప తీసి గోలీలు వేయించండి.

కాస్త పెద్ద పిల్లలుంటే ఇంకో ముచ్చట చెప్పొచ్చు. 5వ శతాబ్దంలో చైనా భాషలోకి వెళ్లిన ఒక బౌద్ధ కథల సంపుటిలోనూ ఏనుగును ఇలాగే తూస్తారు. అసలు ఈ ఉపాయం మన దేశం నుంచే వెళ్లిందని చరిత్రకారుడు చెన్ యిన్‌కె వాదించాడు.

వచ్చే పాఠానికి సిమా గ్వాంగ్ కథ. నీళ్ల తొట్టిలో పడ్డ పిల్లాణ్ణి, రాయితో తొట్టి పగలగొట్టి కాపాడిన మరో పిల్లాడే ఈ సిమా గ్వాంగ్. దాదాపు వెయ్యేళ్ల కిందట, ఆ రోజుల్లోనే కైఫెంగ్, లోయాంగ్ నగరాల్లో దీన్ని బొమ్మలుగా గీశారని అప్పట్లో చైనాను ఏలిన సోంగ్ వంశపు చరిత్రలో రాశారు. ఇందులో ఆగాల్సిన చోటు ఒక్కటే. అదెక్కడో ఈలోగా వెతికి, ఆ పేజీలో చీటీ పెట్టుకోండి.