షుగర్ గ్రాంటు రాయడం నేర్చుకుందాం – 4వ పాఠం: చేతుల లెక్క

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. మీ పీహెచ్‌సీ పరిధిలో షుగర్ వైద్యంలో ఉన్న లోటును మూడంటే మూడు వాక్యాల్లో రాయమన్నాను. అందులో "ప్రజల్లో అవగాహన లేదు" అని ఉంటే కొట్టేయండి. అది ఏ ఊరికైనా, ఏ జబ్బుకైనా అతికే వాక్యం. చదివేవాళ్లు దాని మీద అర నిమిషం కూడా ఆగరు. "తొలి పరీక్షలో షుగర్ ఎక్కువ వచ్చినవాళ్లలో రెండో పరీక్షకు ఎంతమంది వచ్చారో మా రిజిస్టరు చూసి చెప్పలేం, ఆ గడి అందులో లేదు" అని రాశారనుకోండి, అది లోటు. ఎక్కడ, ఎవరికి, ఏ మెట్టు మీద అన్నది అందులో కనబడుతోంది.

ఇక ఈ పాఠం. మామూలు పరిశోధన గ్రాంటు "ఈ పద్ధతి పనిచేస్తుందా?" అని అడుగుతుంది. మనం రాసేది అప్పటికే తేలిన విషయాన్ని ఆచరణలో పెట్టే గ్రాంటు. దాని ప్రశ్న వేరు: మీ ఊళ్లో ఈ పని ఎవరు చేస్తారు? మా డబ్బు అయిపోయాక ఎవరు చేస్తారు? దరఖాస్తులో సగం ఈ రెండు ప్రశ్నలకు జవాబే. నేను దీన్ని చేతుల లెక్క అంటాను.

ముందు అసలు పరిశోధనలో ఏ చేతులు పనిచేశాయో చూడాలి. 2002లో ఫలితాలు వచ్చిన అమెరికా డయాబెటిస్ నివారణ పరిశోధన తీసుకోండి. 3,234 మంది పాల్గొన్నారు. బరువు 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక లాంటి వ్యాయామం లక్ష్యాలు. ఈ లక్ష్యాలతో నడిచిన జట్టులో షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడిన జట్టులో 31 శాతం. ఈ అంకెలు అందరూ రాస్తారు. రాయనిది ఏమిటంటే, ఒక్కొక్కరికీ ఒక్కో శిక్షకుడు ఎదురుగా కూర్చుని 16 పాఠాలు చెప్పాడు. మన పీహెచ్‌సీలో అలా కూర్చునేంత తీరిక ఎవరికుంది?

అమెరికాలోనే ఆ ప్రశ్న వచ్చింది. ఇండియానా రాష్ట్రంలో అవే పాఠాలను వైఎంసీఏ అనే సేవా సంస్థ సిబ్బందితో గుంపుగా కూర్చోబెట్టి చెప్పించి చూశారు. పాఠం మారలేదు, చెప్పే చెయ్యి మారింది. ఆచరణ గ్రాంటు అంటే ఏమిటో ఒక్క ఉదాహరణలో చెప్పమంటే నేను చెప్పేది ఇదే.

మన వైపు చెన్నైలో జరిగిన డీ-క్లిప్ అనే షుగర్ నివారణ పరిశోధన ఇంకా దగ్గరి ఉదాహరణ. ఇంటర్నేషనల్ డయాబెటిస్ ఫెడరేషన్ వారి 'బ్రిడ్జెస్' పథకం దానికి డబ్బిచ్చింది. లిల్లీ కంపెనీ సాయంతో నడిచిన ఆ పథకం పెట్టిందే పరిశోధన ఫలితాలను ఆచరణలోకి తేవడానికి. డీ-క్లిప్‌లో 578 మంది. ఆరు నెలలు జీవనశైలి తరగతులు. నాలుగు నెలలు దాటాక కూడా ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లకు మాత్రమే మెట్‌ఫార్మిన్ కలిపారు. మూడేళ్లకు మామూలు సలహాలు పొందినవాళ్లలో 34.9 శాతం మందికి, తరగతుల జట్టులో 25.7 శాతం మందికి షుగర్ వచ్చింది. మెట్టు మెట్టుగా వెళ్లడంలో ఉన్న తెలివి గమనించండి. అందరికీ అన్నీ ఇవ్వలేదు. ఉన్న చేతులతో ఎంత వీలో అంతే ముందు పెట్టి, అవసరమైనవాళ్లకు తర్వాతి మెట్టు ఇచ్చారు.

కేరళ కథ వేరు, నాకు దాని మీదే ఎక్కువ ఇష్టం. అక్కడి షుగర్ నివారణ పరిశోధనలో తిరువనంతపురం జిల్లాలోని 60 పోలింగ్ ప్రాంతాలు, 1,007 మంది. డబ్బు ఆస్ట్రేలియా వైద్య పరిశోధన మండలిది. తరగతుల్లో ఎక్కువ భాగం నడిపింది ఆ ఊరి మామూలు మనుషులే. రెండేళ్లకు షుగర్ వచ్చినవాళ్లు తరగతులు జరిగిన వైపు 14.9 శాతం, జరగని వైపు 17.1. ఆ తేడా గణాంకపరంగా నిలబడలేదు. అయినా మద్యం తగ్గింది, పళ్లూ కూరగాయలూ తినడం పెరిగింది. చాలామంది దరఖాస్తుదారులు ఇలాంటి ఫలితాన్ని దాచేస్తారు. దాచొద్దు. చదివేవాళ్లకు అది తెలుసు, మీకు తెలియదేమో అనుకుంటారు. "తోటివాళ్ల చేత చెప్పిస్తే మనుషులు వస్తారు, అలవాట్లు కొంత కదులుతాయి, షుగర్ ఆగేంత బలం చాలలేదు, కాబట్టి మేం ఫలానాది కలుపుతున్నాం" అని రాయండి. దరఖాస్తు బలం అక్కడే పెరుగుతుంది.

ఇప్పుడు మీ కాగితం తీయండి. మూడు నిలువు గీతలు గీసి నాలుగు గడులు చేయండి: పని, పరిశోధనలో ఎవరు చేశారు, మా దగ్గర ఎవరు చేస్తారు, గ్రాంటు అయ్యాక జీతం ఎవరిస్తారు. మొదటి పని ముప్పు ఉన్నవాళ్లను పట్టుకోవడం అనుకోండి. దీనికి కొత్త మనిషి అక్కర్లేదు. 30 ఏళ్లు దాటినవాళ్లకు ఆశా వర్కర్ సీబ్యాక్ అనే ముప్పు అంచనా ఫారం నింపుతుంది: వయసు, నడుము కొలత, పొగాకు, మద్యం, శారీరక శ్రమ, ఇంట్లో ఎవరికైనా ఉందా. మార్కుల మొత్తం 4 దాటితే ముందు పిలవాలి. నాలుగో గడి ఇక్కడ తేలికే. ఆశాలకు ఇప్పటికే ఎన్ని రిజిస్టర్లు ఉన్నాయో అడిగి మరీ ఈ వరస నింపండి. అడక్కుండా నింపితే మొదటి నెలలోనే తెలిసొస్తుంది.

"కేర్ కోఆర్డినేటర్", అంటే రోగి వెంట ఉండి వైద్యం సాగేలా చూసే మనిషి, వరస దగ్గరకు వస్తే కలం ఆగుతుంది. షుగర్, డిప్రెషన్ రెండూ ఉన్న 404 మందితో మన దేశంలో నాలుగు క్లినిక్కుల్లో జరిగిన 'ఇండిపెండెంట్' అనే పేరున్న పరిశోధనకు ఆ కోఆర్డినేటర్లే వెన్నెముక. అందులో ఒక క్లినిక్కు విశాఖపట్నంలో ఉంది. ఫలితం బాగుంది. కానీ మీ పీహెచ్‌సీలో ఆ కుర్చీ లేదు. గ్రాంటు డబ్బుతో కుర్చీ వేస్తే మూడేళ్ల తర్వాత అది ఖాళీ. ఆ పనిని ముక్కలు చేసి ఏఎన్‌ఎంకు కొంత, స్టాఫ్ నర్సుకు కొంత పంచగలరా? పంచలేకపోతే ఆ మాటే రాయండి, నాలుగో గడి ఖాళీగా వదలొద్దు.

నా మొదటి దరఖాస్తు సంగతి చెప్పాలి. ఖమ్మం వైపు ఒక మండలంలో గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత పరీక్ష చేసే క్యాంపులు ఫిబ్రవరిలో పెట్టాను. కాగితం మీద ముచ్చటగా ఉంది. మిర్చి కోతల కాలం అది. పరగడుపున వచ్చి, తాగి, రెండు గంటలు బెంచీ మీద కూర్చోవడమంటే కూలి పోయినట్టే. మొదటి రోజు పదకొండు మంది వచ్చారు, ఇద్దరు మధ్యలో లేచి ఆటో ఎక్కేశారు. ఇంకో పొరపాటు: 75 గ్రాముల గ్లూకోజు అంటే నీటి అంశం లేని గ్లూకోజు. నీటి అంశం కలిసిన మోనోహైడ్రేట్ పొడి అయితే 82.5 గ్రాములు తూచాలి. మేం పాకెట్ మీద అక్షరాలు చూడకుండా 75 తూచాం. ఆ రోజు నుంచి నా బడ్జెట్‌లో చిన్న తూకం మిషను, పరీక్ష అయ్యాక ఇడ్లీ పొట్లం, రెండూ తప్పకుండా ఉంటాయి.

బడ్జెట్ మాట వచ్చింది కనుక రక్తపు చుక్క వేసి షుగర్ చూసే స్ట్రిప్పుల లెక్క చేసి చూద్దాం. అంకెలు ఊహించినవి, పద్ధతి చూడండి. మొదటి పరీక్షకు 1,200 మంది. మళ్లీ పిలిచేది 300 మందిని. ఏడాదిలో రెండుసార్లు చూడాల్సినవాళ్లు 150, అంటే 300 స్ట్రిప్పులు. మొత్తం 1,800. రక్తం చాలక, మిషను తప్పు చూపించి పోయేవాటికి పదో వంతు కలిపితే 1,980. సీసాకు 50 చొప్పున 40 సీసాలు. ఒకేసారి కొనొద్దు, మూత తీసిన సీసా కొన్ని నెలలే పనికొస్తుంది. మిషన్లు దానంగా దొరుకుతాయి, స్ట్రిప్పులు దొరకవు.

విదేశీ నిధి అయితే రెండు మాటలు. సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ అనే విదేశీ విరాళాల చట్టం కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి, డబ్బు ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాకే రావాలి. 2020 సవరణ తర్వాత పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు, ఆ డబ్బును ఇంకో సంస్థకు మళ్లించకూడదు. అందుకే "భాగస్వామి సంస్థకు ఇస్తాం" అన్న వరస మీ బడ్జెట్‌లో ఉంటే ఇప్పుడే తీసేయండి.

ఈ వారం పని: నాలుగు గడుల కాగితం ఆరు వరసలతో నింపండి. నింపాక మీ ఏఎన్‌ఎంకు చదివి వినిపించండి. ఆమె ఎక్కడ నవ్విందో ఆ వరస పక్కన చుక్క పెట్టి ఉంచండి. 5వ పాఠం ఆ చుక్కలతోనే మొదలుపెడదాం.