బొంత వెనకపక్క ముడతలు పడతా ఉంటే ముందు చూడాల్సింది

మిషన్ కుట్టు వేసినాక పైన బాగుండి, వెనక్కి తిప్పితే ముడతలు కనపడతా ఉండాయి, మిషన్ దారం బిగువు (టెన్షన్) సరిచెయ్యక్కా అని బొంతలు తెస్తా ఉంటారు నా దగ్గరికి. నేను అడిగేది ఒకటే, పొరలన్నీ కలిపి పిన్నులు పెట్టకముందు వెనక గుడ్డ ఒక్కదాన్నే నేల మీద పరిచి చూసినారా? చూసుండరు. అయిదు నిమిషాల పని అది, దాన్ని వదిలేసి మిషన్ పళ్ళు (సూది కింద గుడ్డని ముందుకు జరిపేవి) మార్పించుకుని వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు.

సమస్య: ముడతలు బొంతంతా కాదు, వెనక గుడ్డ మధ్యలో అతుకు వేస్తాం చూడండి, దాని పక్కనే రెండువైపులా వరసగా పడతాయి.

కారణం: అతుకులో ఉండిపోయిన గుడ్డ అంచు, అంటే నేతలోనే గుడ్డ పొడుగునా రెండు పక్కలా వచ్చే గట్టి కొస. గుడ్డ పన్నా (వెడల్పు) 44 అంగుళాలే కాబట్టి డబుల్ కాట్ బొంతకి రెండు ముక్కలు అతకక తప్పదు. అంచు తిన్నగా ఉంది, పీచు కూడా లేవదు కదా అని అంచుకి అంచు కలిపి కుట్టేస్తాం, కొంప ముంచేది అదే. మగ్గం మీద అడ్డపోగు కొసదాకా వచ్చి వెనక్కి తిరిగేది అక్కడ, నిలువు పోగులు కూడా అక్కడ దట్టంగా ఉంటాయి, అందుకే మిగతా గుడ్డ సాగినట్టు అంచు సాగదు, ఉతికినా రెండూ ఒకే లెక్కన కుంచించుకోవు.

మా అక్క కూతురి పురుటికని నగరి మరమగ్గం కాటన్‌తో ఒకటి కుట్టినాను. సూది 14 నంబరు తీసి ఇంకా లావుది 16 వేసినాను, కింది దారం బాబిన్ వదులు చేసినాను, గుడ్డని నొక్కే ఫుట్ ప్రెజర్ తగ్గించినాను, రెండు రోజులు కుట్టడం విప్పడమే సరిపోయింది. మూడోరోజు విప్పిన గుడ్డని నేల మీద పరిస్తే అతుకు మాత్రం తాడు లాగినట్టు తిన్నగా ఉంది, దాని అటూఇటూ గుడ్డ నూనెలో వేసిన అప్పడం మాదిరి ఉబ్బుకుని లేచింది. ఎంత ఇస్త్రీ చేసినా అణగలేదు.

మీరూ అట్లే చూడండి. అతుకుని జానెడు ఎడంగా రెండు చేతుల్తో పట్టుకుని పొడుగునా లాగండి, తర్వాత బెత్తెడు పక్కకి జరిగి ఉత్త గుడ్డని లాగండి. గుడ్డ కొంచెమైనా సాగి అతుకు బిర్రుగా నిలబడిందంటే అంచు లోపల ఉండిపోయినట్టే.

పరిష్కారం: గుడ్డని ముందు ఉతికి ఆరేయండి. రెండు ముక్కలకీ అంచు పూర్తిగా, ముప్పావు అంగుళం దాకా కత్తిరించి పారేయండి, అర అంగుళం వదిలి కుట్టండి, కుట్టు రెండుపక్కలకీ విడదీసి ఇస్త్రీ చెయ్యండి. పన్నా చాలక అంచు తియ్యలేకపోతే ప్రతి రెండు అంగుళాలకీ అంచు మీద చిన్న గాటు పెట్టండి, కుట్టు దారం తెగకూడదు. పాత చీరలతో వేసేవాళ్ళకి ఇంకా ముఖ్యం, జరీ అంచయితే అసలు సాగదు, తీసేయండి.

వెనక గుడ్డ పై గుడ్డ కంటే నాలుగు పక్కలా 4 అంగుళాలు ఎక్కువ ఉండాలి, ఇది అందరికీ తెలిసిందే. పైగుడ్డ చివర్లు అలలుగా లేస్తే అది వేరే సమస్య, బార్డర్ (చుట్టూ కుట్టే పట్టీ) పొడుగు తప్పు, కొసల్లో కొలవకుండా బొంత నడిమధ్యలో కొలిచి ఆ కొలతకే బార్డర్ కత్తిరించి పిన్నులతో సర్ది కుట్టండి. మిషన్ పళ్ళు అరిగి ముడతలు రావడం అరుదు, దాని జోలికి చివర్లో పోదురుగానీ.

ఇప్పటికే కుట్టేసుంటే మాత్రం అతుకుకి రెండుపక్కలా జానెడు మేర విప్పాల్సిందేనమ్మా. నీళ్ళు చల్లి ఇస్త్రీతో అణిచిపెడితే మొదటి ఉతుకు దాకానే ఆగుతుంది.